మామగారి కారుకి చిన్న కార్బ్యురేటర్

మా మామగారి పాత కారు బానెట్ ఎత్తే హక్కు ఇరవై ఏళ్లుగా నాది. మెకానిక్కుని, పైగా పెద్దల్లుణ్ణి. నేను కాక ఇంకెవరు ముట్టుకుంటారు? ట్యూనింగ్ కోసం ఆయన దాచుకున్న చెక్కపిడి స్క్రూడ్రైవర్ ఒకటుంది. దాన్ని నా చేతికి తప్ప ఎవరికీ ఇచ్చేవారు కాదు.

నిన్నగాక మొన్న మా మరదల్ని చేసుకుని దిగాడు తోడల్లుడు. నీళ్ల పంపుల కంపెనీలో ఉద్యోగం. మూడో నెలకల్లా మామగారు కారు కబుర్లన్నీ వాడితోనే చెప్పుకోవడం మొదలుపెట్టారు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా! నాకు కడుపు మండిపోయేది. దాచుకోవడం ఎందుకు, ఇప్పటికీ మండుతుంది.

ఆ ఆదివారం, ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బ్యురేటర్ సంగతి తేల్చడానికి ముగ్గురం షెడ్డులో చేరాం. పాతదాని లోపల గాలిమూత తిరిగే ఇరుసు అరిగిపోయి పక్కనుంచి గాలి లాగుతోంది. స్టార్ట్ చేసి వదిలితే బండి రెండు నిమిషాలు కూడా నిలబడటం లేదు. కొత్తది వెయ్యాల్సిందే. ఏది వెయ్యాలన్నదే తేలాలి.

నేను నోరు తెరిచేలోపే తోడల్లుడు అందుకున్నాడు. “ఇంజను చిన్నది కదా మామయ్యా. గాలి లాగే గొంతు ఒక్కటే ఉన్న చిన్న కార్బ్యురేటర్ చాలు. పెద్దదైతే మెల్లగా వెళ్లేటప్పుడు గాలి వేగం చాలక పెట్రోలు సరిగ్గా కలవదు.”

నూటికి నూరుపాళ్లూ నిజం. నేను చెప్పబోయిందీ అదే. అంతెందుకు, అలాంటి చిన్నది రెండేళ్ల కిందటే వెతికి వెతికి కొని, నా వర్క్‌షాపు బీరువాలో దాచాను. పాతది పూర్తిగా మొరాయించిన రోజున తీసుకెళ్లి మామగారి ముందు పెట్టి, ఆయన మొహం వెలగడం చూడాలని నా ఆశ. ఆ మాట కాస్తా వీడు ముందే అనేశాడు.

“నువ్వేమంటావ్ అబ్బాయ్?” అన్నారు మామగారు నావైపు తిరిగి.

“చిన్నదా? ఏం, స్కూటర్ అనుకున్నాడా?” అన్నాను. “రెండు గొంతులున్న పెద్దది వేద్దాం. బండి పరిగెత్తొద్దూ!”

“నీ మాటే నా మాట,” అన్నారు మామగారు. అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో!

ఇంజను మీద నేరుగా కూర్చోదు కాబట్టి మధ్యలో ఒక పలక వేసి పెద్దదాన్ని బిగించాను. శనివారం మామగారు అత్తగారిని కళ్లడాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, కూడలి మధ్యలో యాక్సిలరేటర్ నొక్కగానే బండి దగ్గి ఆగిపోయింది. వెనక లారీలు ఒకటే హారన్లు. చూపు సరిగ్గా ఆనని అత్తగారు దిగి తోశారట.

“మా అమ్మ చేత కారు తోయించిన ఘనత మీకే దక్కింది,” అంది మా ఆవిడ. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు బీరువాలోంచి చిన్నదాన్ని తీసుకుని వెళ్లాను. షెడ్డులో తోడల్లుడు అప్పటికే ఉన్నాడు. “పలక దగ్గర గాలి లీకవుతోందేమో మామయ్యా. అన్నయ్య లెక్క తప్పదు,” అంటున్నాడు. చూశారా, మంచితనం కూడా వాడే కొట్టేశాడు!

అట్టపెట్టెని బల్లమీద పెట్టాను. దానిమీద నా చేత్తోనే కారు నంబరు, తేదీ రాసుకున్న సంగతి మరిచేపోయాను. మామగారు కళ్లజోడు సర్దుకుని చదివారు.

“ఇదే సరైందని రెండేళ్ల నుంచీ తెలుసా నీకు?”

“తెలుసు.”

“మరి ఆ రోజు?”

“అతను ముందు అన్నాడు. అందుకని.”

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “బిగించండి అల్లుడుగారూ,” అన్నారు, పరాయివాడితో అన్నట్టు. బిగించాను. ఇంజను అందుకుంది. ఆయన చెక్కపిడి స్క్రూడ్రైవర్ తీసి తోడల్లుడి చేతిలో పెట్టారు.

వాడు కార్బ్యురేటర్ పక్కనున్న ట్యూనింగ్ స్క్రూని మెల్లగా తిప్పాడు. ఇంజను కుదుపు తగ్గి నున్నగా ఆడసాగింది. వాడు తలెత్తి, “అన్నయ్యా, మీ చెవికి ఎలా ఉంది? ఇంకాస్త తిప్పనా?” అన్నాడు.

ఇంకో అరచుట్టు అంటే చాలు. తిప్పేస్తాడు. బండి మళ్లీ కూడలిలో ఆగుతుంది, ఈసారి తప్పు వాడి చేతిదవుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మంలో అత్తగారు, కళ్లలో మందు వేసుకుని, తడుముకుంటూ వచ్చి నిలబడ్డారు.

“చాలు. ఇక ముట్టుకోకు,” అన్నాను.

వాడు స్క్రూడ్రైవర్ని గుడ్డతో తుడిచి నాకు ఇవ్వబోయాడు. మామగారు చెయ్యి అడ్డంపెట్టి అందుకుని, తన జేబులో వేసుకున్నారు.