కుట్టు మిషను అనిపించుకున్న తుపాకీ

నేను ఒక తుపాకీని. భయపడకండి, ఇంతవరకూ ఒక్క ప్రాణం తీయలేదు. గాలిలోకి ఎగిరే మట్టి పళ్లేలను పగలగొట్టడమే నా పని. పళ్లెం ముక్కలైనందుకు గంతులేసే పెద్దమనుషుల్ని చూసి నాలో నేను నవ్వుకుంటూ ఉంటాను.

ఇటలీలో ఒక కార్ఖానాలో పుట్టాను. నా గొట్టం అడుగున సన్నని చిల్లులు పెట్టారు. తూటా పేలినప్పుడు పుట్టే వేడి వాయువు కొంత వాటిలోంచి దూరి పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. ఆ ఊపుకు ఖాళీ డొల్ల కుడివైపు ఎగిరిపోతుంది, ఇంకో తూటా ఉంటే అది దానంతటదే లోపలికి వస్తుంది. ఇంత చాకిరీకి ఖర్చయ్యాక మిగిలిన దెబ్బే భుజానికి తగులుతుంది. అందుకే నేను మెత్తగా తంతాను.

నన్ను హైదరాబాదు శివార్లలోని షూటింగ్ రేంజికి తెచ్చుకున్నవాడు స్టీలు సామాన్ల వ్యాపారి నర్సింగ్‌రావు. అతని కుడిపక్కన నిలబడి కాల్చేవాడు పళ్ల డాక్టరు విఠల్. చిన్ననాటి స్నేహితులు. విఠల్‌ది జోడు గొట్టాల తుపాకీ. కాల్చాక మీట నొక్కి దాన్ని నడుము దగ్గర విరిచి, ఎగిరొచ్చే డొల్లలను అరచేత్తో పట్టుకుని, ఠీవిగా చేతికి వేలాడదీసేవాడు. నా చప్పుడు వింటే ఆయనకు ఒళ్లు మండేది.

"గిది తుపాకా, కుట్టు మిషనా? నీ డొల్లలన్నీ నా చెంపకే తగుల్తున్నయ్ గదరా!"

నర్సింగ్ నవ్వి ఊరుకునేవాడు. నాకు మాత్రం చిన్నతనంగా ఉండేది.

ఒక వేసవిలో విఠల్ జారిపడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు, జోడు గొట్టాల దెబ్బ ఇక ఆ ఎముక తట్టుకోదని తేల్చేశాడు. అయినా ఆయన ప్రతి ఆదివారం వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. ముందున్న చాయ్ చల్లారిపోయేది. పళ్లెం వదలమని ఎవరైనా "పుల్" అని అరిస్తే చాలు, ఆయన చూపుడువేలు తనకు తెలియకుండానే ముడుచుకునేది. అది చూశాక నాకు ఆయన మీద కోపమంతా పోయింది. ఒక ఆదివారం నర్సింగ్ నన్ను తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు.

"విఠలా, డాక్టర్‌ని నేనడిగిన. మెత్తగ తన్నేదైతె, చిన్న తూటాలైతె ఫర్వాలేదన్నడు. దీన్ని పట్టుకో."

"కుట్టు మిషనా? అందరు నవ్వుతరు."

"ఇన్నేండ్లు నవ్విందెవరు? నువ్వొక్కనివే గదరా."

విఠల్ తల దించుకున్నాడు. మెల్లగా నా చెక్క మీద చెయ్యి వేశాడు.

ఆ మరుసటి ఆదివారం పొద్దున్నే నర్సింగ్ భుజానికి ఆనే నా చెక్క మడమను ఊడదీశాడు. చెక్కకూ ఉక్కుకూ నడుమ ఉండే పలుచని బిళ్లను మార్చి, మడమను కాస్త పైకి లేపాడు. మంచం పట్టాక విఠల్ చెంప చిక్కిపోయింది, కన్ను గురికి అందదు. ఆ సంగతి విఠల్‌కే తెలియదు. నర్సింగ్ ఎప్పుడు కనిపెట్టాడో!

ఒక్క తూటా పెట్టి నన్ను విఠల్ చేతికిచ్చి, నర్సింగ్ కుడిపక్క గడిలోకి, ఇన్నేళ్లూ విఠల్ నిలబడిన చోటికి వెళ్లాడు. విఠల్ చెంప నా చెక్కకు ఆనుకుంది. ఈ భుజానికి నొప్పి తగిలితే ఈ మనిషి మళ్లీ రేంజి గడప తొక్కడని నాకు తెలుసు. నా మెత్తదనమంతా ఇవాళ్టికే దాచుకున్నాననిపించింది.

"పుల్!"

పళ్లెం పొడిపొడి అయిపోయింది. భుజం నిలిచింది. వెంటనే విఠల్ బొటనవేలు నా మెడ మీద లేని మీటను వెతికింది. నన్ను విరవబోయాడు! రెండో చెయ్యి డొల్లను పట్టుకోవడానికి ముందుకు చాచుకుంది. డొల్ల అప్పటికే ఎగిరిపోయి కుడిపక్కనున్న నర్సింగ్ చెంపకు తగిలింది.

విఠల్ ముఖం పాలిపోయింది. "అరె… తగిలిందారా?"

నర్సింగ్ చెంప తడుముకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తగిలింది. మంచిగ తగిలింది. ఇంకోటి కొట్టు."

ఇప్పుడు నాకు వయసు మీదపడింది. గొట్టం మీద నలుపు వెలిసిపోయింది. ఇద్దరూ నాతోనే వంతులవారీగా కాలుస్తారు. విఠల్ వంతు వచ్చినప్పుడు ఎడమవైపు గడి ఖాళీగానే ఉంటుంది. నర్సింగ్ మాత్రం వచ్చి డొల్లలు ఎగిరే కుడివైపే నిలబడతాడు.