బండి మెడ

అప్పటికే ఇంటి ముందు నిలిపిన బైకు ముందు చక్రం ఊడదీసి గోడకి ఆనించాడు. ఇంజను కింద చెక్కదిమ్మ పెట్టి, హ్యాండిల్ కింది పెద్ద నట్టుకి స్పానరు తగిలించి ఒంటి బరువంతా మోపాడు. నట్టు కిర్రుమని కదిలింది.

అతను పార్సిళ్ళు పంచుతాడు. "అమ్మా, కింద గేటు దగ్గరున్నాను", "సార్, పక్కింట్లో ఇచ్చి వెళ్ళమంటారా" అని ముక్కూమొహం తెలియనివాళ్ళతో పొద్దస్తమానం మాట్లాడీ మాట్లాడీ ఇంటికొచ్చేసరికి నోట్లో మాట మిగలదు. పెళ్ళైన కొత్తలో భార్య నవ్వేది. "మీ మాటలు కూడా డెలివరీ ఇచ్చేసొచ్చారా?" అనేది. రెండోసారి కూడా కడుపు నిలవకపోయాక ఆ నవ్వు ఆగిపోయింది. ఆ రోజు ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంటే, ఏమనాలో తోచక అతను వంటింట్లో కారుతున్న కుళాయి బాగుచేస్తూ కూర్చున్నాడు.

ఇవాళ సాయంత్రం బస్సుకి ఆమె అక్క దగ్గరికి వెళ్ళిపోతోంది. అక్కకి బట్టలు కుట్టే షాపుంది. ఎన్నాళ్ళకని అతను అడగలేదు. బీరువాలో ఆమె అర ఖాళీ అయిపోవడం, మంచం కింద ఆమె పెట్టె సర్ది ఉండడం చూశాడు. "బస్టాండులో నేనే దింపుతాలే" అన్నాడు, అంతే.

హ్యాండిల్ కొన్నాళ్ళుగా నడిమధ్యలో పట్టేస్తోంది. మలుపు తిప్పితే బండి మొండికేస్తోంది. వీధి చివరి మెకానిక్ నిన్న కూడా కేకేశాడు. "తోసుకురా అన్నా, హ్యాండిల్ మెడలో కోన్ సెట్టు మార్చడం గంట పని." ఆ గంటే అతన్ని భయపెట్టింది. కప్పులూ గుండ్లూ ఉన్న కొత్త సెట్టు కొనుక్కుని ఇంటికొచ్చేశాడు. తను చేసుకుంటే పొద్దుగూకేదాకా పడుతుంది.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కిందికి జారింది. మెడ గొట్టంలోని పాత కప్పుల్ని లోపలినుంచి కడ్డీతో తట్టి ఊడగొట్టాడు. ఉక్కు గుండ్లు ఒకేచోట నొక్కుకుని కప్పుల నిండా గుంటలు పడ్డాయి. కొత్త కప్పులు దిగ్గొట్టి, గ్రీజు పూసి, కొత్త గుండ్లు పేరుస్తుంటే మోచెయ్యి తగిలింది. గుండ్లన్నీ చెల్లాచెదురుగా దొర్లిపోయాయి.

చప్పుడుకి భార్య బయటికొచ్చింది. "మెకానిక్‌కి ఇస్తే ఈపాటికి అయిపోయేదిగా."

"వాళ్ళు ఎడాపెడా బాదేస్తారు."

ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ఇద్దరూ మెట్ల కిందా, చెప్పుల మధ్యా వెతికారు. దొరికినవాటిని ఆమె కొంగుతో తుడిచి అతని అరచేతిలో వేస్తోంది. ఎన్ని రోజులయిందో ఇలా ఇద్దరూ ఒక పని మీద వంగి. ఆమె జుట్టు అతని భుజానికి తగిలింది.

"ఒకటి తగ్గింది," అన్నాడు.

ఆమె మళ్ళీ వెతికింది. వాకిలి ముందు మురుగుకాలవ గట్టుదాకా పాక్కుంటూ వెళ్ళింది. చేతివేళ్ళతో మట్టి కెలికింది. చివరికి లేచి, చేతులు దులుపుకుని అతని ఎడమ గుప్పిటవైపు చూసింది.

"మీ చేతిలోనే ఉందది."

అతను గుప్పిట తెరవలేదు. గుండు అరచేతిలో చెమటతో జారుతోంది.

"ఉండమని ఒక్కమాట అనొచ్చుగా," అంది ఆమె. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

మాట గొంతుదాకా వచ్చింది. అదేమిటో అతనికి తెలుసు. దాన్ని పైకి తెచ్చే దారే తెలియదు.

"గ్రీజు సరిపోతుందో లేదో," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళింది. లోపల నీళ్ళ చప్పుడు వినిపించింది. ముఖం కడుక్కుంటోంది.

అతను గుప్పిట్లోని గుండుని దాని చోట పెట్టాడు. ఫోర్కు పైకెత్తి నట్టు బిగించాడు. మరీ బిగిసిందని వదులు చేశాడు, వదులైందని మళ్ళీ బిగించాడు. వెనకనుంచి అడుగులు దాటిపోతున్నట్టనిపించింది. తల తిప్పితే ఏదో ఒకటి అనాలి. "ఇంకో పది నిమిషాలు, దింపేస్తా," అన్నాడు నట్టుతోనే అన్నట్టు. వీధి మలుపులో ఆటో ఒకటి ఆగి, మళ్ళీ కదిలింది.

చక్రం ఎక్కించి హ్యాండిల్ తిప్పి చూశాడు. ఎక్కడా పట్టకుండా ఈ కొసనుంచి ఆ కొసకి మెత్తగా వెళ్ళింది. చేతులు కూడా తుడుచుకోకుండా లోపలికి పరుగెత్తాడు.

మంచం కింద పెట్టె లేదు. తలుపు వెనక కొక్కేనికి ఆమె తువ్వాలు ఒక్కటే వేలాడుతోంది, తడిది కాబట్టి సర్దుకోలేదేమో, అంచునుంచి నీళ్ళు ఇంకా నేలమీద చుక్కచుక్కగా పడుతున్నాయి.