ఎనిమిదో ఓటమి ప్రకటన

దేశమంతటా జెండాలున్న పార్టీయే గానీ, ఆ ఊళ్ళో దాని ప్రాంతీయ శాఖ అంటే జిరాక్సు షాపు మీదున్న ఒకే ఒక్క గది. గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకి డ్రాయింగు మాస్టారు స్వహస్తాలతో గీసిన పట్టిక. ఏడు ఎన్నికలు, ఏడు ఓటములు. ఓట్లు నూట నలభై మూడు, తొంభై ఏడు, రెండు వందల పది, ఇలా. ఆ రెండు వందల పది కింద ఎర్రసిరాతో గీత గీసి ఉంటుంది. అది శాఖకి స్వర్ణయుగం మరి.

మాస్టారు ముప్ఫై ఏళ్ళుగా ఆ శాఖ కార్యదర్శి. బడి నుంచి రిటైరయ్యారు గానీ పార్టీ నుంచి రిటైరయ్యే ఉద్దేశం ఆయనకి ఏ కోశానా లేదు. అలాంటి మనిషికి కేంద్ర కార్యాలయం నాలుగు ముక్కల ఉత్తరం రాసింది. ఈసారి పురపాలక ఎన్నికల్లో ఒక్క వార్డయినా గెలవకపోతే శాఖ మూసేసి తాళంచెవి పంపమని. మాస్టారికి రెండు రోజులు అన్నం సహించలేదు.

పోటీకి నిలబడమంటే ఊళ్ళో అందరూ మొహం చాటేశారు. చివరికి అభ్యర్థి ఇంట్లోనే, కుట్టుమిషను దగ్గర దొరికింది. ఆయన భార్య. వీధివీధంతా ఆమెని టైలరక్క అంటారు.

"నిలబడతాను. కానీ ఓడిపోతే ఈ ఇంట్లో మళ్ళీ పార్టీ పేరెత్తకూడదు. అందరి మొగుళ్ళలాగా మీరూ ఇంటిపట్టున ఉండాలి" అందామె.

మాస్టారు సరేనన్నారు.

ఇక ప్రచారం సంగతి చెప్పుకోవాలి. మాస్టారు మైకు పట్టుకుని దేశ ఆర్థిక విధానం మీద గొంతు చించుకుంటూ ఉంటే, టైలరక్క కొలతలు తీసుకుంటూ వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేది.

"నాకు వేయకండమ్మా. గెలిచానంటే మీ బట్టలు ఆలస్యమవుతాయి. మురిక్కాలవ బాగు చేయించమని రోజూ నా ప్రాణం తీస్తారు."

"తీస్తే చేయిస్తావా అక్కా?"

"చేయించక చస్తానా."

ఏ నాయకుడూ ఇంత నిజాయితీగా మాట్లాడి ఉండడు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని వెళ్ళిపోయేవారు.

ఆ శాఖకో అలవాటుంది. ఓటమి ప్రకటన ముందురోజే రాసేసి, కింద షాపులో యాభై కాపీలు తీయించి పెట్టుకుంటారు. లెక్కింపు సగంలో ఉండగానే గెలిచేవాడి మెడలో దండ వేసి, విలేకరి చేతిలో కాగితం పెట్టి, మర్యాదగా తప్పుకుంటారు. ఏడుసార్లూ అంతే. ఈసారి నాలుగు పెట్టెల్లో రెండు విప్పేసరికి సిమెంటు కాంట్రాక్టరు అరవై ఒక్క ఓట్లు ముందున్నాడు. మాస్టారు దండ వేశారు, కాగితం ఇచ్చారు, కళ్ళజోడు తుడుచుకుంటూ ఇంటికొచ్చి పడ్డారు.

"అయిపోయింది. ఇక ఇంటిపట్టునే ఉంటాను" అన్నారు.

ఆమె "పోనీలెండి" అంది. కానీ ఆయన మొహం చూశాక సూదిలో దారం ఎక్కించడం ఆమె వల్ల కాలేదు.

గంట తర్వాత జిరాక్సు షాపతను మెట్లమీద పడుతూ లేస్తూ వచ్చాడు. శాఖకి ఉపాధ్యక్షుడు అతనే. కాంట్రాక్టరు ఊరేగింపు బండి అడ్డంగా పెట్టడంతో స్కూటరు బయటికి రాక, లెక్కింపు అయ్యేదాకా అక్కడే చిక్కుపడిపోయాడు.

"మాస్టారూ, ఆ కాగితాలన్నీ వెనక్కి తెప్పించాలి."

"ఏం, అచ్చుతప్పులున్నాయా?"

"మొత్తం తప్పే. వదిన గెలిచింది. ఒక్క ఓటు తేడా. రెండుసార్లు లెక్కపెట్టారు."

మాస్టారు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచారు. ఈలోపు వీధి వీధంతా గుమ్మంలోనే ఉంది. ఆ ఒక్క ఓటూ నాదేనని ఇస్త్రీ అతను. కాదు, డ్యూటీ మానుకుని మరీ వచ్చి వేశాను, నాదేనని బస్సు కండక్టరు. పాలమ్మాయి, పోస్టుమాను, చివరికి ఓటుహక్కే లేని ఎదురింటి పిల్లలు కూడా. నలభై మంది దాకా తేలారు. మధ్యలో కాంట్రాక్టరు ఫోన్ చేసి, దండ తీసేయాలా ఉంచుకోవాలా అని పాపం మర్యాదగానే అడిగాడు.

మాస్టారికి కాళ్ళు నేలమీద ఆనడం లేదు. భార్యని లోపలి గదిలోకి లాక్కెళ్ళారు.

"వాళ్ళ మాటలు నమ్మకు. ఆ ఒక్క ఓటూ నీదే. శాఖని బతికించింది నువ్వే."

"నాది కాదండీ. నేను కాంట్రాక్టరుకి వేశాను."

మాస్టారు గబుక్కున తలుపు దగ్గరికి వేశారు.

"వెనకటి ఏడుసార్లూ మీ పార్టీకే వేశాను. ఒకసారైతే ఒళ్ళు కాలిపోతున్నా వెళ్ళి వేసొచ్చాను. చెబితే నెత్తికెక్కుతారని చెప్పలేదు. ఈ ఒక్కసారికి మిమ్మల్ని నా దగ్గర ఉంచుకుందామనుకున్నాను. అంతే" అంటూ ఆమె తల దించుకుంది.

లోకంలో ఎవరు వేసినా వేయకపోయినా సొంత ఇంట్లో మాత్రం తనకి ఓటు లేదని ముప్ఫై ఏళ్ళుగా ఆయన నమ్మకం. ఆ నమ్మకం కాస్తా ఒక్క దెబ్బతో కూలిపోయింది. మాస్టారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గెలిచినందుకు మాత్రం కాదు.

"కార్యదర్శిగారూ, రండి, పార్టీవాళ్ళంతా వచ్చారు, ఫోటో తీస్తారట" అని బయటినుంచి కేకేశారు.

ముప్ఫై ఏళ్ళలో పార్టీ పిలిస్తే ఆయన లేవకపోవడం అదే మొదలు. భార్య చెయ్యి పట్టుకుని, మంచం మీద ఆమె పక్కనే కూర్చున్నారు.

"కాసేపు ఆగమనండి. ఇంట్లో పనుంది" అన్నారు.