ఏసోబు ఇంకా చెప్పలేదు

నేను ఒక ఎర్ర ప్లాస్టిక్ పట్టీని. జానెడు పొడవు కూడా ఉండను. అయినా నన్ను చూస్తే ఎంతటి విమానమైనా ఆగాల్సిందే! విమానాశ్రయం కంట్రోల్ టవర్‌లో ఒక్కో విమానానికి ఒక్కో తెల్ల పట్టీ పేర్చే బల్ల ఉండేది. రన్‌వే మీదికి జీపు వెళ్తే ఆ బల్ల మీది రన్‌వే గడిలో నన్ను పెట్టేవారు. డ్రైవరు రేడియోలో "బయటికొచ్చేశానండి" అనేదాకా నన్ను తీయకూడదు. అదీ నా దర్జా.

ఆకాశంలో మహారాజుల్లా తిరిగే విమానాలు నేలకు దిగాక సంతలో ఆటోల్లా ఇరుక్కుంటాయి. ఆ పొద్దున పొగమంచు కాస్త పలచబడగానే అందరికీ తొందరే. "మా వంతెప్పుడు?" అంటూ పైలట్లు కంట్రోలరు హైమవతిని పీక్కుతింటున్నారు. అంతలో రన్‌వే మీద చచ్చిన గద్ద పడి ఉందన్నారు. దాన్ని తీయడానికి జీపు డ్రైవరు ఏసోబు వెళ్లాడు.

"ఇట్టే వచ్చేస్తానండి మేడమ్," అన్నాడు.

హైమవతి నన్ను గడిలో పెట్టింది. తెల్ల పట్టీలకు చోటు చాలక మళ్లీ తీసి ఎడమ చేత్తో పట్టుకుంది. చేతిలోనే ఉంటే ఎలా మరిచిపోతాననుకుంది, పిచ్చితల్లి! ఇంతలో డ్యూటీ మారే వేళయింది. ఫణీంద్ర వచ్చాడు. బల్ల మీదున్నవన్నీ ఒక్కొక్కటే అతనికి అప్పగించి లేచింది. చేతిలో ఉన్నది మాత్రం చెప్పలేదు. రన్‌వే గడి ఖాళీగా కనిపించేసరికి అతను మొదటి విమానాన్ని బయలుదేరమన్నాడు.

మెట్ల దగ్గర హైమవతి గుప్పిట తెరిచింది. "అయ్యో, ఏసోబు!" అని వెనక్కి పరిగెత్తింది. మంచులో ఏమీ కనబడలేదు. చప్పుడు మాత్రం వినబడింది. విమానంలో వాళ్లంతా బతికారు. ఏసోబు బతకలేదు.

విచారణలయ్యాయి. ఆమెను శిక్షణ గదికి మార్చారు. టవర్‌లోకి కంప్యూటర్ తెరలొచ్చాయి, మా బల్ల ఆ గదికే చేరింది. రోజూ రాగానే ఆమె నన్ను రన్‌వే గడిలో పెట్టేది. పాఠం ఏదైనా సరే, నేను అక్కడే. కొత్తవాళ్లు చాటుగా నవ్వుకునేవారు. 

ఆమె రిటైరయ్యే రోజున ఫణీంద్ర వచ్చాడు. అతనికీ జుట్టు నెరిసింది.

"ఇక తీసేయండి మేడమ్. రన్‌వే మీద ఎవరూ లేరు కదా," అన్నాడు మెల్లగా, నా మీదికి చెయ్యి చాపుతూ.

"ఎవరూ లేరని నీకెవరు చెప్పారు? బయటికొచ్చేశానని ఏసోబు అనలేదుగా!"

ఫణీంద్ర చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరూ బయటికి నడిచారు, గదికి తాళం పడింది. నేను గడిలోనే ఉన్నాను. ఒక్క మాట అను నాయనా ఏసోబూ, నేనూ లేస్తాను.