చల్లారని పలకలు

పలకలు వదినవి, పేరు మరిదిది. గ్యాసును మండించకుండానే కరెంటుగా మార్చే పింగాణీ ఫ్యూయెల్ సెల్ తన బుర్రలోంచే ఊడిపడినట్టు, మైకు దొరికితే చాలు ఊదరగొట్టేవాడు. దాని లోపల పేర్చే, గుడ్డు పెంకంత పల్చటి ఆ పలకల కోసం పొడులు కలిపి, కాల్చి, వంకరపోయినవి పారేసి, మళ్ళీ కాల్చి నడుము విరగ్గొట్టుకున్నది మాత్రం వదిన. భర్తతో మొరపెట్టుకుంటే "తమ్ముడేగా, పోనిద్దూ" అన్నాడు. ఆమె పోనివ్వలేదు. ఆ కసిని కడుపులో పెట్టుకుని పెంచింది.

ఆ పలకలతో కరెంటు పుట్టించే యంత్రం కొనడానికి శీతల గిడ్డంగుల ఆసామి వచ్చాడు. వర్క్‌షాపులో బీరువా అంత యంత్రం చప్పుడు లేకుండా నడుస్తోంది. గోడ మీద బల్బులన్నీ వెలుగుతున్నాయి. ఆయన చుట్టూ తిరిగి చూసి, "బాగుందండీ. ఒకసారి ఆపి, మళ్ళీ వేసి చూపించండి" అన్నాడు.

డీజిల్ జనరేటరు అలవాటున్న ఎవరైనా అడిగే మాటే. కానీ లోపల పలకలు నిప్పుకణికల్లా ఉన్నాయి. వాటిని రోజంతా మెల్లమెల్లగా చల్లార్చాలి, లేకపోతే పగిలిపోతాయి. ఆ సంగతి వదిన చెప్పబోయినప్పుడల్లా మరిది ఫోను చూసుకునేవాడు.

"అదెంత పని! వదినా, ఆపెయ్. ఫ్యాను ఫుల్లుగా పెట్టి చల్లార్చెయ్, ఆయనకి టైం లేదు" అన్నాడు మరిది.

వద్దన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"చేసింది నువ్వు, నీకు తెలీదా!" అని మీట నొక్కింది.

చల్లగాలి లోపలికి దూసుకెళ్ళింది. కాసేపటికి పటపటమని చప్పుళ్ళు. ఒక్కో చప్పుడుకీ ఆమె గుండె కోసుకుపోయింది, అయినా ప్రాణానికి హాయిగా ఉంది. ఆ హాయికి ఆమె సిగ్గుపడలేదు కూడా. మళ్ళీ వేడెక్కించి చూస్తే ఒక్క బల్బూ వెలగలేదు.

మరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఈ పలకలు నేను చేసినవి కావండీ. మొదట్నుంచీ అంతా మా వదినే. నాకేం తెలీదు" అన్నాడు, వర్క్‌షాపులో అందరూ వినేలా.

ఈ ముక్క కోసమే ఆమె ఇన్నేళ్ళూ చెవులు రిక్కించుకుని కూర్చుంది. తీరా పలకలు పెంకులయ్యాక అది వినబడింది.

ఆసామి ఆమెను ఎగాదిగా చూశాడు. "మీరు చేసినవా? మరి ఇలా ఆపితే పగులుతాయని మీకు తెలియదామ్మా?"

తెలియదంటే పలకలు ఆమెవి కాకుండా పోతాయి. తెలుసంటే తన చేతులతో తనే పగలగొట్టినట్టు. తెలియదనమని మరిది కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

"తెలుసు" అంది వదిన. "ఇక్కడ నాకొక్కదానికే తెలుసు."