తువ్వాలలో మిగిలిన పొడి

వానల్లేక కంకులకు పీచు రాకపోయేసరికి, ఇక పంట దక్కదనుకొని కుళ్ళాయప్ప మొక్కజొన్న తలల మీది పూతంతా విరిచి, ఆకలితో ఉన్న ఎద్దులకు వేశాడు. నాలుగో రోజు జల్లు పడింది. రెండు రోజుల్లో ప్రతి కంకికీ మెత్తటి పీచు వచ్చింది. పూత పొడి దాని మీద రాలితేనే గింజ పడుతుంది. చేనులో పూతే లేదు.

“పూతంతా ఎద్దులకు మేపితివి గదా. ఇంగ వాటినే తోలకొచ్చి చేన్లో తుమ్మించు,” అంది భార్య మారెమ్మ.

అతను నవ్వలేదు. పూత విరిచిన రోజు తలకు చుట్టుకున్న తువ్వాల మడతల్లో పసుపు పొడి కొంచెం మిగిలి ఉంది. ఆ పొడి ఒక్క పూట కంటే బతకదని అతనికి తెలుసు. అయినా ఒక్కో పీచు మీద తువ్వాల దులుపుతూ నడిచాడు. మొదటి సాలు సగానికే పొడి అయిపోయింది. కుళ్ళాయప్ప ఉత్త తువ్వాలనే దులుపుతూ రెండో సాలులోకి మళ్ళాడు.