నూరు చుక్కల్లో ఒక చుక్క

ఆదివారం వస్తే వనజమ్మకు మూడే పనులు. పొద్దున్నే తలంటుకోవడం, ఆ తర్వాత జమ్మలమడుగులో బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి బాషా కంప్యూటర్ సెంటర్లో కిటికీ పక్క కుర్చీ ఆక్రమించుకోవడం, సాయంత్రానికి తిరిగొచ్చి బీడులో రాకెట్ ఎగరేయడం. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి అట్టగొట్టాలకు రెక్కలంటించి ఆకాశంలోకి వదులుతుందంటే జనం మొదట్లో నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు.

అలవాటు పడనిది ఒక్కటే, అవి వచ్చి పడే చోటు. ఆమె రాకెట్లు ఎగరేసే బీడు ఒక ఎండిపోయిన వంక ఒడ్డున ఉంది. వంకకు ఈవల ఊరు ఒక పార్టీ, ఆవల ఊరు ఇంకో పార్టీ. రాకెట్ మోటారును తారాజువ్వలు చేసే సాయిబు ఒకాయన పురికొసతో బిగించి చుట్టి ఇచ్చేవాడు. ఆ రోజుల్లో పురికొస చుట్టింది ఏది పైనుంచి పడినా నాటుబాంబే అనుకునేవాళ్లు. అందుకని వనజమ్మ రెండూళ్ల పెద్దల దగ్గరికీ పోయి మాటిచ్చి వచ్చింది. పడితే వంకలోనే పడుతుంది, ఒడ్డు దాటిందంటే మళ్లీ ఈ జన్మలో ఎగరేయను అని.

మాటిచ్చాక భయం పట్టుకుంది. ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ కోసం వెతుకులాట అప్పుడు మొదలైంది. కువైట్‌లో నాలుగేళ్లు కంప్యూటర్లు బాగుచేసి వచ్చిన బాషా ఎక్కడెక్కడో గాలించి మూడు సంపాదించాడు. మొదటిది చూడముచ్చటగా ఉండేది, కానీ ముప్పై రోజుల తర్వాత తెరుచుకోదు. రెండోది ఎంత ఎత్తు పోతుందో కచ్చితంగా చెప్పి, పడే చోటు మాత్రం ఉజ్జాయింపుగా చూపి చేతులు దులుపుకునేది. మూడోది ఊరికే దొరికింది, ఎడ్లబండి కంటే నిదానం, పైగా ఒకటే ప్రశ్నలు. రాకెట్‌ను కిందికి దించే గొడుగు వెడల్పెంత, ముక్కు బరువెంత, ఏ ఎత్తులో గాలి ఎంత?

"ఇది మా అత్త లెక్కనే ఉండాది మేడం, అడిగిందే అడుగుతాంది" అన్నాడు బాషా.

"అడగనీలే బాషా. అడగనోళ్లకు ఏం తెలుస్తాది?"

మూడింటిలో ఏది మంచిదో తేల్చింది మాత్రం బొల్లి. బొల్లి ఆ బీడులోనే గొర్రెలు మేపే ఆదెన్న మందలో ముసలి గొర్రె. పైకి పోయింది ఏదైనా సరే, అది కిందికి ఎక్కడికి వస్తుందో అక్కడికి ముందే పోయి నిలబడేది. పిలకాయలు క్రికెట్ ఆడేటప్పుడు బొల్లి ఎటు నడిస్తే అటు ఫీల్డర్‌ను పంపుకునేవాళ్లు. వనజమ్మ మూడు సాఫ్ట్‌వేర్లు చెప్పిన చోట్ల మూడు సున్నపు గుర్తులు పెట్టి, బొల్లి నిలబడిన చోటు నుంచి అడుగులు కొలిచింది. ఐదు ఆదివారాలు కొలిస్తే మూడోది ఎప్పుడూ పది అడుగులు దాటలేదు. అదే ఖాయం చేసుకుంది.

ఆదెన్న రాకెట్ల కోసం వచ్చేవాడు కాదు. వంక ఆవలి ఒడ్డున మొట్టమొదటి ఇల్లు ఆయన కూతురు ఈశ్వరమ్మది. పెళ్లినాటికి రెండూళ్లూ ఒకే పార్టీ. మరుసటేడు ఎలక్షన్లకు ఆవలి ఊరి పెద్దమనిషి పార్టీ మారాడు, నాలుగు తలలు పగిలాయి, దారి మూసుకుపోయింది. తొమ్మిదేళ్లుగా ఆదెన్న ఈ ఒడ్డున గొంతుక్కూర్చుని కూతురి దండెం మీద ఆరే చీరలు చూస్తూ గొర్రెలు మేపుకుంటున్నాడు.

రెండూళ్లూ మందలున్న ఊళ్లే కాబట్టి ఒక్క కట్టుబాటు మాత్రం చెడలేదు. మూడుసార్లు ఈలేసినా రాని గొర్రె తప్పిపోయిన గొర్రె. దాని కోసం వచ్చిన కాపరిని ఏ పార్టీవాడూ ఆపడు.

"ఒకదాన్ని అటు తోలేసి పోరాదా మామా?" అని వనజమ్మ ఒకసారి అడిగింది.

"తోల్తే తప్పిపోయినట్టెట్ల అయితాదమ్మా? గొర్రెతో అబద్ధమాడిస్తే మందలో ఇంగ నా మాటేది వింటాది?"

ఎలక్షన్లకు నెల ముందు వనజమ్మ కొత్త రాకెట్ చేసింది. బాషా గాలిని అటూ ఇటూ మార్చి నూరుసార్లు ఎగరేయించాడు, కంప్యూటర్లోనే. తెర మీద నూరు చుక్కలు పడ్డాయి. తొంభైతొమ్మిది వంక ఇసకలో, ఒకటి ఆవల.

"నూటికి ఒకటి మేడం. దానికీ భయపడితే ఎట్ల?"

ఆ ఆదివారం బీడులో ఆకు కూడా కదలడం లేదు. వనజమ్మ స్విచ్ మీద వేలు పెట్టింది. బొల్లి వంకలోకి దిగింది. ఇసకలో ఆగలేదు. ఆవలి గట్టెక్కి, ఈశ్వరమ్మ ముంగిట్లో దండెం పక్కన పోయి నిలబడింది.

వనజమ్మ స్విచ్ మీది నుంచి వేలు తీసేసింది. వేలు తీయగానే అక్కడ బొల్లి వెనక్కి తిరిగి గట్టు వైపు నడిచింది. ఇంట్లోంచి వచ్చి దాని తల నిమరబోయిన ఈశ్వరమ్మ చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది.

"మంచిపని చేసినావు తల్లీ" అన్నాడు ఆదెన్న. "ఒడ్డు దాటితే నువ్వింగ ఎగరేయలేవు కదా. బొల్లి అదే వస్తాందిలే."

అంటూనే తలపాగా కొసతో కళ్లు ఒత్తుకున్నాడు. వనజమ్మకు తన రాకెట్లంటే ప్రాణం. తెల్లగా సున్నం పూసుకున్నట్టు నిలబడ్డ ఆ గొట్టాన్ని ఒకసారి చూసుకుంది, ఆదెన్నను ఒకసారి చూసింది. వేలు మళ్లీ స్విచ్ మీద పెట్టింది. బొల్లి ఆగి, తిరిగి దండెం దగ్గరికి పోయింది.

"అది ఎప్పుడన్నా తప్పు చెప్పిందా మామా?"

"ల్యా."

"మరి ఈపొద్దు మాత్రం ఎందుకు తప్పు చెప్పాల?" అని నొక్కేసింది.

రాకెట్ బుస్సుమని పైకి పోయి, గొడుగు విప్పుకుంది. ఎక్కడ దాక్కుందో గాని, అప్పుడు లేచింది గాలి, రాకెట్‌ను తీసుకుపోయి ఈశ్వరమ్మ ముంగిట్లో దించింది. ఆవలి ఊళ్లో మగవాళ్లు కొడవళ్లతో పరుగెత్తుకొచ్చారు. పురికొస చుట్టిన గొట్టం పక్కన బొల్లి నెమరేస్తూ కనిపించేసరికి కొడవళ్లు దించారు.

ఆదెన్న గట్టు మీద నిలబడి మూడుసార్లు ఈలేశాడు, కట్టుబాటు ప్రకారం, ఊరంతా వినేట్టు. బొల్లి చెవి కూడా కదపలేదు.

ఆయన వంక దాటాడు. "నా గొర్రె తప్పిపోయి వచ్చిందప్పా" అన్నాడు. వాళ్లు దారి వదిలారు.

"ఎంత చిక్కిపోయినావు నాయినా" అంది ఈశ్వరమ్మ, నీళ్ల చెంబు అందిస్తూ. ఆయన చెంబు పట్టుకుని, తొమ్మిదేళ్లుగా దూరం నుంచి చూసిన దండెం కింద కూర్చున్నాడు.

ఇచ్చిన మాట ప్రకారం ఇక ఎగరేయనని, వనజమ్మ ప్రొద్దుటూరు పోయి సాఫ్ట్‌వేర్ తీసేయమంది. బాషా మనసొప్పక తీయలేదు. మూడో వారం ఆవలి ఊరి పెద్దమనిషి దగ్గర్నుంచి కబురొచ్చింది.

"ఆ గొర్రె ఆ ముంగిట్లోనే నిలబడుండాది, కదల్లేదు. ముసలాయన దినామూ దానికి మేత తెచ్చిపోతాండాడు. ఇంగొక రాకెట్టు పడాల్సి ఉన్నట్టుండాది. దాని మాట మేం కాదనలేం. మేడమ్మను ఇంగొకటి చేసుకోమనండి. తొందరేం ల్యా."

ఆదెన్న రోజూ మేత మోపుతో వంక దాటుతూనే ఉన్నాడు, వనజమ్మ ఆ రెండో రాకెట్ ఇప్పటికీ చేస్తూనే ఉంది. ముక్కు బరువు కుదరలేదంటుంది, గాలి లెక్క తేలలేదంటుంది. ఇంత నిదానమైన సాఫ్ట్‌వేర్ దొరకడం తన అదృష్టమంటుంది.